జడ్జి లాయరు నుంచి కోరేదేమిటి? సివిల్ కోర్టు అంకెలు చెప్పే జవాబు

క్రిమినల్ కేసులో దర్యాప్తుకు పోలీసులున్నారు. సివిల్ దావాలో అలాంటి వాళ్లెవరూ లేరు. పొలం గట్టు ఎవరు జరిపారో, ప్రోనోటు మీద వేలిముద్ర ఎవరిదో జడ్జి ఊళ్లోకి వచ్చి ఆరా తీయరు. ఇరుపక్షాల లాయర్లు ఫైల్లో పెట్టిన కాగితాలు, బోనెక్కించిన సాక్షులు, చేసిన వాదన... వీటి ద్వారానే కేసు ఆయనకు తెలియాలి. అందుకే కోర్టు లాయరు నుంచి వాక్చాతుర్యం కంటే ముందు నిజాయతీని, గడువు పాటింపును, సంసిద్ధతను కోరుతుంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 1963 నాటి లిమిటేషన్ చట్టం ఈ కోరికను అంకెల్లో రాసిపెట్టాయి. ఆ అంకెలు తెలిస్తే కక్షిదారు తన కేసు ఎక్కడుందో తానే చూసుకోగలడు.

3, 12 ఏళ్లు: దావా వేయకముందే

ప్రోనోటు బాకీ దావాకు గడువు 3 ఏళ్లు. అగ్రిమెంటు ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించమనే దావాకూ 3 ఏళ్లే. హక్కు ఆధారంగా స్థలం స్వాధీనం కోరడానికి 12 ఏళ్లు. గడువు దాటిందని ప్రతివాది ఎత్తిచూపకపోయినా, ఆ దావాను కొట్టేయాల్సిన బాధ్యత కోర్టుదే. అప్పీలు ఆలస్యమైతే కారణం చెప్పి మన్నించమని అడగవచ్చు. దావాకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ఫీజు మాట్లాడకముందే తేదీలు లెక్కించే లాయరు కావాలి.

దావాలో ముఖ్యమైన వాస్తవాలు ఉండాలి, సాక్ష్యం అక్కర్లేదు. భూమి తగాదా అయితే సర్వే నంబరు, నాలుగు హద్దులు తప్పు లేకుండా రాయాలి. ఆధారపడే పత్రాలు దావాతోపాటే దాఖలు చేయాలి. హద్దులు సరిగా లేని డిక్రీ గెలిచినా అమలు దగ్గర చిక్కుపడుతుంది.

టి.అరివందందం కేసులో 1977లో సుప్రీంకోర్టు తరఫున తీర్పు రాసిన జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్, మాటల గారడీతో లేని తగాదాను ఉన్నట్టు చూపే దావాలను మొదట్లోనే తుంచేయాలన్నారు. అలాంటి దావాలు కోర్టు గుమ్మం ఎక్కకుండా చూడాల్సిన బాధ్యత లాయర్లకూ ఉందని గుర్తుచేశారు.

1 రోజు, 30 రోజులు: ఇంజంక్షన్ వచ్చాక

అవతలి వాళ్ల మాట వినకుండానే కోర్టు తాత్కాలిక ఇంజంక్షన్ ఇచ్చిందంటే, ఆ పూట జడ్జి ఒక్క లాయరు మాటనే నమ్మారన్నమాట. అందుకే షరతులు గట్టిగా ఉంటాయి. దావా, అఫిడవిట్, పత్రాల నకళ్లను వెంటనే ప్రతివాదికి అందజేయాలి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. పంపినట్టు ఆ రోజు గానీ మర్నాడు గానీ కోర్టులో అఫిడవిట్ వేయాలి. ఆ పిటిషన్‌ను 30 రోజుల్లో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలి. తేల్చలేకపోతే కారణం రాయాలి.

ఇక్కడ కోర్టు క్షమించనిది దాపరికం. ఎస్.పి.చెంగల్వరాయ నాయుడు కేసులో వాది తాను రాసిచ్చిన విడుదల దస్తావేజును బయటపెట్టకుండా డిక్రీ పొందాడు. కీలక పత్రాన్ని దాచడం కోర్టును మోసగించడమేనని, అలా వచ్చిన డిక్రీకి విలువ లేదని 1993లో సుప్రీంకోర్టు తేల్చింది.

30, 90, 120 రోజులు: జవాబు దాఖలుకు

సమన్లు అందిన 30 రోజుల్లో ప్రతివాది రిటన్ స్టేట్‌మెంట్ వేయాలి. కారణం రాసి కోర్టు దాన్ని 90 రోజుల వరకు పొడిగించవచ్చు. మామూలు దావాల్లో ఈ 90 రోజులు దాటరాని గీత కాదని, అసాధారణ పరిస్థితుల్లో సడలించవచ్చని 2005లో కైలాష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాణిజ్య దావాల్లో మాత్రం 120 రోజులు దాటితే జవాబు చెప్పే హక్కే పోతుంది. 2018 సవరణతో 3 లక్షల రూపాయల విలువ నుంచే వాణిజ్య వివాదాలు వాణిజ్య కోర్టుల చట్టం కిందికి వచ్చాయి. చిన్న వ్యాపారులకూ ఈ గడువు తగులుతుంది.

గడువులో వేస్తే సరిపోదు. ‘దావాలోని విషయాలన్నీ అబద్ధం’ అని గంపగుత్తగా రాస్తే కుదరదు. ప్రతి అంశాన్నీ విడిగా కాదనాలి. అలా కాదనని అంశాన్ని ఒప్పుకున్నట్టు కోర్టు భావించవచ్చు.

10 రెట్లు: కాగితం చెల్లాలంటే

స్వాధీనం కూడా అప్పగించినట్టు రాసుకున్న అమ్మకం అగ్రిమెంటుకు తెలుగు రాష్ట్రాల్లో సేల్ డీడ్‌తో సమానంగా స్టాంపు డ్యూటీ పడుతుంది. సాదా స్టాంపు కాగితం మీద రాసిన అగ్రిమెంటును సాక్ష్యంగా మార్కు చేయించబోతే అభ్యంతరం వస్తుంది. తక్కువైన డ్యూటీ, దానికి 10 రెట్ల పెనాల్టీ కడితే గానీ ఆ కాగితం సాక్ష్యంలోకి రాదు. సాక్షి బోనులో నిలబడ్డాక ఇది బయటపడితే ఆ రోజు విచారణ ఆగిపోతుంది. ముందే చూసి కక్షిదారును హెచ్చరించాల్సింది లాయరే.

వాట్సాప్ మెసేజీలకూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. ఉత్త ప్రింటు తెచ్చి చేతిలో పెడితే చాలదు.

3 వాయిదాలు: విచారణ మొదలయ్యాక

దావా విచారణలో ఒక పక్షానికి 3 సార్లకు మించి వాయిదా ఇవ్వకూడదని కోడ్ చెబుతోంది. లాయరు వేరే కోర్టులో ఉన్నారనడం వాయిదాకు కారణం కాదని కూడా అందులోనే ఉంది. సాక్షి హాజరై, అవతలి లాయరు క్రాస్ చేయడానికి సిద్ధంగా లేకపోతే, సాక్ష్యం నమోదు చేసుకుని ముందుకు వెళ్లే అధికారం జడ్జికి ఉంది. ఆకస్మికంగా ఆసుపత్రి పాలవడం లాంటి చేయిదాటిన పరిస్థితుల్లో మూడు దాటినా వాయిదా ఇవ్వవచ్చని 2005లో సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. ఖర్చులు కట్టాలనే షరతుతో వాయిదా ఇస్తే, తర్వాతి తేదీకి కట్టి తీరాలి. కట్టకపోతే ఆ పక్షం కేసు ముందుకు నడపలేదు.

ఇంత కట్టుదిట్టం ఎందుకో చిన్న లెక్కతో చూద్దాం. జడ్జి రోజుకు 330 నిమిషాలు బెంచి మీద ఉంటారని, ఆ రోజు జాబితాలో 60 కేసులున్నాయని అనుకుందాం. సగటున ఒక్కోదానికి అయిదున్నర నిమిషాలు. ఒక సాక్షి క్రాస్‌కే 45 నిమిషాలు పడితే, అది ఎనిమిది కేసుల సమయం. ఆ 45 నిమిషాలు కేటాయించాక లాయరు సిద్ధంగా లేకపోతే, నష్టం ఆ కేసుతో ఆగదు. కూలి మానుకుని వచ్చిన సాక్షి మళ్లీ రావాలి. జాబితాలో వెనకున్న వాళ్లకు దక్కాల్సిన సమయమూ పోతుంది.

90, 60 రోజులు: కక్షిదారు చనిపోతే

ఆస్తి దావాలు ఏళ్ల తరబడి నడుస్తాయి. మధ్యలో కక్షిదారు చనిపోతే 90 రోజుల్లో వారసులను రికార్డులోకి తేవాలి. లేకపోతే చనిపోయిన వ్యక్తి వరకు దావా రద్దవుతుంది. రద్దును తొలగించమని అడగడానికి మరో 60 రోజులుంటాయి. తన కక్షిదారు చనిపోయినట్టు తెలిసిన లాయరు ఆ సంగతి కోర్టుకు చెప్పి తీరాలి. వకాల్తా ఇచ్చిన మనిషి లేకపోయినా ఈ ఒక్క పని కోసం ఆ సంబంధం కొనసాగుతున్నట్టే చట్టం భావిస్తుంది. లాయరుకు కక్షిదారుతోపాటు కోర్టు పట్ల కూడా బాధ్యత ఉందనడానికి ఇది స్పష్టమైన ఉదాహరణ.

30, 60 రోజులు: జడ్జికీ గడువుంది

వాదనలు ముగిశాక 30 రోజుల్లో తీర్పు చెప్పడానికి జడ్జి ప్రయత్నించాలి. అసాధారణ పరిస్థితుల్లోనూ సాధారణంగా 60 రోజులు దాటకూడదు. అంశాలవారీగా, క్లుప్తంగా రాసిన వాదన, పేజీ నంబర్లు వేసిన పత్రాలు, తనకు వ్యతిరేకంగా ఉన్న తీర్పును కూడా దాచకుండా చూపే నిజాయతీ ఉంటే జడ్జి పని సులువవుతుంది. తీర్పు తర్వాత జిల్లా కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు. డిక్రీ అమలు కోసం వేసే ఈపీని 6 నెలల్లో తేల్చాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

మీరు చేయాల్సింది

ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెలతో సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. ఈకోర్ట్స్ యాప్‌లో దాన్ని కొడితే తర్వాతి తేదీ, కిందటి వాయిదాలో జరిగింది కనిపిస్తాయి. ప్రతి తేదీకి ముందు మీ లాయరును మూడు ప్రశ్నలు అడగండి: రేపు ఏం జరగాలి? మన వైపు నుంచి ఏ కాగితం బాకీ ఉంది? ఇప్పటికి మనం ఎన్ని వాయిదాలు తీసుకున్నాం? ఇలా అడగడం అమర్యాద కాదు, కక్షిదారుగా మీ హక్కు. మీకు నష్టం కలిగించే పత్రం ఉంటే అది కూడా ముందే ఆయన చేతికివ్వండి. మీరు నిజం దాస్తే ఎంత మంచి లాయరైనా జడ్జి నమ్మకాన్ని నిలబెట్టుకోలేరు.