మర్రికి చుట్టాలెవరు?
పంచవల్కలంలో చెట్ల వర్గీకరణ

హైదరాబాదు నుండి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా సాగే రహదారికి ఇరువైపులా ఊడలు దిగిన మర్రిచెట్లు కలవు. అప్పా కూడలి నుండి మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల బాటపై దాదాపు 900 మర్రులను లెక్కించారు. ఈ మర్రికి చుట్టాలెవరు? ఈ ప్రశ్న విద్యార్థులకే గాక, ఇంట పంచవల్కల కషాయం వాడుకొనే వారికీ అవసరమైనదే.

చరక సంహిత ఉద్భిజ్జాలను నాలుగు విధాలుగా విభజించినది. పువ్వు కానరాక కాయ కాచేది వనస్పతి. పూచి కాచేది వానస్పత్యం. ఫలం పండగానే నశించేది ఓషధి. తీగలై, పొదలై విస్తరించేది వీరుధం. మర్రి వనస్పతి. దాని పువ్వులు లేకపోలేదు. కాయ లోపలనే దాగి ఉంటాయి.

ఆధునిక శాస్త్రంలో రాజ్యం, విభాగం, తరగతి, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అని ఏడు మెట్లు కలవు. ఉత్తరంపై రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం, ఇంటిపేరు, పేరు వ్రాసినట్లే ఇదీను. స్వీడన్ దేశీయుడైన లిన్నేయస్ 1753లో మొక్కలకు ప్రజాతి, జాతి కలిపి రెండు మాటల పేర్లను స్థిరపరచెను. మర్రి రోజేలిస్ క్రమం, మోరేసి కుటుంబం, ఫైకస్ ప్రజాతికి చెందిన బెంగాలెన్సిస్ జాతి.

ఇక పంచవల్కలమనగా మర్రి, మేడి, రావి, జువ్వి, గంగరావి అను ఐదు చెట్ల పట్టలు. మొదటి నాలుగూ ఫైకస్ ప్రజాతివే. గంగరావి మాత్రం పేరుకే రావి. ఆకు రావిని పోలినా, అది మాల్వేసి కుటుంబంలోనిది. మందారానికి, బెండకు, పత్తికి చుట్టం. గురుకులంలో మాకు ఆకును త్రుంచి చూడమని నేర్పేవారు. రావి ఆకు తెల్లని పాలు కార్చును, గంగరావి కార్చదు. పైగా గంగరావికి పచ్చని పెద్ద పువ్వులు బయటనే పూస్తాయి. పేరును బట్టి ఒకదానికి బదులు మరొకటి గ్రహించరాదు.

వాడే విధానం: పట్టల ముతక చూర్ణం 20 గ్రాములు, నీరు 320 మి.లీ. కలిపి 80 మి.లీ. మిగులువరకు కాచి వడగట్టవలెను. చల్లారిన పిదప నోటిపూతకు పుక్కిలించవచ్చు. మధుమేహులు పుండ్లకు సొంతవైద్యం చేయక వైద్యుని చూడవలెను.

పట్టకై రహదారి చెట్లను గాయపరచకండి. చుట్టూ పట్ట ఒలిచిన చెట్టు బ్రతకదు. వాహనాల పొగ పట్టిన బెరడు ఔషధానికి తగదు. నమ్మకమైన మూలికల దుకాణంలో ఐదింటినీ వేర్వేరుగా చూసి కొనుట మేలు.

రహదారి విస్తరణ విషయమై ఈ మర్రుల గతి జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్లినది. రోడ్డుపై ప్రయాణించే వారి ప్రాణాలూ విలువైనవే. ఇరుకు బాట మంచిది కాదు. అయితే తొలగించిన మర్రికి బదులు ఏదో ఒక మొక్క నాటిన సరిపోదు. మర్రి పువ్వులలో పరాగసంపర్కం జరిపే చిన్న కందిరీగ మర్రికాయలోనే గ్రుడ్లు పెట్టును. రావి, మేడి దానికి ఆశ్రయమీయవు. మర్రులన్నీ ఒకేసారి కాయవు గనుక ఆ కీటకం ఒక చెట్టు నుండి మరొక చెట్టుకు పోవలెను. అందుచేత మర్రి స్థానంలో మర్రినే నాటవలెను.