ఫ్లెక్సీ చూసి కాదు... బడి చూసి!

ఏప్రిల్ వచ్చిందంటే చాలు... కూడళ్లలో ఫ్లెక్సీలు మొలుస్తాయి. 'అడ్మిషన్లు ప్రారంభం' అంటూ ఆటోల్లో మైకులు మోగుతాయి. సెలవుల్లో ఇంటిపట్టున ఉండాల్సిన ప్రైవేటు టీచర్లు కరపత్రాలు పట్టుకుని గడపగడపా తిరుగుతారు. ఇక అమ్మానాన్నలకు నిద్ర ఉండదు. 'పక్కింటి బాబు టెక్నో స్కూల్లో చేరాడట', 'ఎదురింటి పాపకు డిజిటల్ క్లాసులట'... రోజూ ఇదే చర్చ. చివరికి గేటు పెద్దగా ఉన్న బడికో, ఫ్లెక్సీ మీద ర్యాంకులు ఎక్కువున్న బడికో ఫీజు కట్టేస్తారు. కానీ జూన్‌లో పిల్లాడు కూర్చునేది ఓ తరగతి గదిలో. చేర్చే ముందు ఆ గదిని చూసేవాళ్లు ఎందరు?

బడి నడిచేటప్పుడే వెళ్లాలి

మే నెలలో వెళ్తే కనిపించేది ఖాళీ భవనమే. అందుకే జనవరి, ఫిబ్రవరిల్లోనే, పాఠాలు జరుగుతున్న రోజు వెళ్లి చూడండి. ముందుగా ఒక్కో గదిలో ఎంతమంది పిల్లలున్నారో లెక్కపెట్టండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతుల్లో 30 మందికి, ఆరు నుంచి ఎనిమిదిలో 35 మందికి ఒక టీచరు ఉండాలి. అదే గదిలో యాభై మందిని కుక్కితే ఏసీ ఉన్నా, డిజిటల్ బోర్డు ఉన్నా మీ పాపను పేరు పెట్టి పలకరించే తీరిక టీచరుకు ఉండదు.

తెలిసినవాళ్ల పిల్లలు అక్కడ చదువుతుంటే వాళ్ల నోటు పుస్తకాలు తిరగేయండి. అందరివీ అక్షరం పొల్లుపోకుండా ఒకే జవాబులైతే అక్కడ జరిగేది బట్టీ చదువే. టీచర్లు ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారో అడగండి. ఏటా సగం మంది మారిపోతుంటే ఆలోచించాల్సిందే.

ప్రిన్సిపాల్ గదికన్నా ముందు మరుగుదొడ్లు చూడండి. అవి బాగాలేక సాయంత్రం దాకా మంచినీళ్లు కూడా తాగని ఆడపిల్లలు ఎందరో!

కాగితాలూ ముఖ్యమే

బోర్డు మీద 'సీబీఎస్‌ఈ' అని రాసినంత మాత్రాన సరిపోదు. అనుబంధ సంఖ్య అడిగి ఆ బోర్డు వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. రాష్ట్ర సిలబస్ అయితే గుర్తింపు ఏ తరగతి వరకు ఉందో, ఎప్పటివరకు ఉందో అడగండి. లేదంటే మీవాడు చదివేది ఒకచోట, పదో తరగతి పరీక్ష రాసేది మరో బడి పేరుతో అయ్యే ప్రమాదం ఉంది.

పన్నెండేళ్ల లెక్క

ఫీజు అనగానే ఈ ఏడాది సంగతే ఆలోచిస్తాం. ఎల్‌కేజీ నుంచి పది దాకా పన్నెండేళ్లు. ఇప్పుడు 40 వేలనుకుందాం. ఏటా పది శాతం పెరిగితే పదో తరగతికొచ్చేసరికి 1.14 లక్షలవుతుంది. మొత్తం కలిపితే ఎనిమిదిన్నర లక్షల పైమాటే! పుస్తకాలు, యూనిఫాం, వ్యాను దీనికి అదనం. ఇద్దరు పిల్లలుంటే రెట్టింపు. అందుకే అన్ని ఖర్చులూ కాగితం మీద రాసిమ్మని అడగండి. తాహతుకు మించి చేర్పిస్తే, ఫీజు బాకీ పడ్డ రోజు తోటిపిల్లల ముందు తలదించుకునేది పసివాడే.

దూరమూ భారమే

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటు వద్ద స్కూలు బస్సును రైలు ఢీకొన్న ఘోరాన్ని ఎవరు మరువగలరు? బస్సుకు స్పీడ్ గవర్నర్, కిటికీలకు అడ్డకడ్డీలు, లోపల ఓ సహాయకుడు ఉన్నారేమో చూడండి. బడి ఎంత దగ్గరైతే అంత మంచిది. పొద్దున్నే ఆరింటికి లేపి వ్యానెక్కిస్తే మొదటి పీరియడ్‌లోనే కునికిపాట్లు తప్పవు. సంచి బరువు పిల్లల బరువులో పదో వంతు మించకూడదని కేంద్రం 2020లో విధానం తెచ్చింది. అంటే ఇరవై కిలోల పాపకు రెండు కిలోలే.

చేర్చాక కూడా...

ఫీజు కట్టడంతో బాధ్యత తీరిపోదు. రోజూ బడికెళ్లే వేళకే కడుపునొప్పి అంటుంటే గదమాయించకండి. కూర్చోబెట్టుకుని మెల్లగా అడగండి. కొట్టడమే కాదు, మాటలతో వేధించడాన్నీ చట్టం నిషేధించింది. అవసరమైతే బడి మార్చడం నామోషీ ఏమీ కాదు.

'ఎన్ని మార్కులొచ్చాయి' అని కాకుండా 'ఇవాళ టీచర్ని ఏమడిగావు' అని అడిగి చూడండి. గలగలా చెబుతుంటే మంచి బడిని ఎంచుకున్నట్లే. 'అడిగితే తిడతారమ్మా' అన్నాడంటే... ఫ్లెక్సీలో ఎన్ని ర్యాంకులున్నా అది మీవాడి బడి కాదు.