వాతావరణ జట్టు (పోకెమాన్ జంట పోరు)

వాతావరణ జట్టు అనగా పోకెమాన్ వీడియో గేములలోని జంట పోరులో వాన, ఎండ, ఇసుక తుఫాను, మంచు అనే నాలుగు వాతావరణాలలో ఒకదానిని బరిలో సృష్టించి, దాని వలన కలిగే లాభాన్ని ఆధారం చేసుకొని ఆడే జట్టు. ఒక పోకెమాన్ వాతావరణాన్ని తెస్తుంది, దాని తోడు ఆ వాతావరణాన్ని వాడుకొని దెబ్బ తీస్తుంది. బరిలోని వాతావరణం ఇరుపక్షాలకూ ఉమ్మడిది, పైగా కొద్ది వంతులు మాత్రమే నిలుస్తుంది. అందువలన వాతావరణం ఉన్నప్పుడు గెలవడం కంటే, అది పోయిన తరువాత కూడా నిలబడగల జట్టును కూర్చుకోవడమే ఈ పద్ధతిలో కష్టమైన పని.

పోటీ నియమాలు

జంట పోరులో ఇరుపక్షాల నుండి రెండేసి పోకెమాన్లు ఒకేసారి బరిలో ఉంటాయి. అధికారిక వీడియో గేమ్ పోటీలలో ఆటగాడు ఆరు పోకెమాన్లతో వస్తాడు. ప్రత్యర్థి జట్టును చూసిన పిమ్మట వాటిలో నాలుగింటిని ఎన్నుకొంటాడు. పోరులో అన్నీ 50వ స్థాయిలో ఉన్నట్లు లెక్కిస్తారు. ప్రతి వంతులోనూ ఒక్కొక్క పోకెమాన్ ఒక ఎత్తు వేయవచ్చు, లేదా వెనుకకు వెళ్ళి తన స్థానాన్ని మరొక దానికి ఇవ్వవచ్చు. సాధారణంగా వేగం ఎక్కువ ఉన్నది ముందుగా కదులుతుంది. ఇద్దరు ప్రత్యర్థులకూ ఒకేసారి తగిలే ఎత్తుల దెబ్బ జంట పోరులో మూడు వంతులకు, అంటే 75 శాతానికి తగ్గుతుంది.

చరిత్ర

గేమ్ ఫ్రీక్ సంస్థ రూపొందించిన మొదటి పోకెమాన్ గేములు 1996లో జపానులో విడుదలయ్యాయి. వాటిలో వాతావరణం లేదు. 1999లో వచ్చిన గోల్డ్, సిల్వర్ గేములలో వాన, ఎండ, ఇసుక తుఫాను తొలిసారిగా ప్రవేశించాయి. అప్పట్లో వాటిని తేవడానికి ఒక వంతు ఖర్చు చేసి ప్రత్యేకమైన ఎత్తు వేయవలసి వచ్చేది. ఆ వాతావరణం అయిదు వంతులు ఉండేది.

2002లో విడుదలైన రూబీ, సఫైర్ గేములతో జంట పోరు, వడగండ్లు, 'ఎబిలిటీ' అనబడే సహజగుణాలు మొదలయ్యాయి. కయోగర్ బరిలోకి దిగగానే డ్రిజిల్ అనే గుణం వలన వాన కురుస్తుంది. గ్రౌడాన్ దిగితే డ్రౌట్ వలన ఎండ కాస్తుంది. టిరానిటార్ దిగితే శాండ్ స్ట్రీమ్ వలన ఇసుక తుఫాను లేస్తుంది. ఇలా గుణం వలన వచ్చిన వాతావరణానికి అప్పట్లో గడువు ఉండేది కాదు. మరొక వాతావరణం వచ్చేవరకు అది కొనసాగేది.

2010లో వచ్చిన బ్లాక్, వైట్ గేముల తరంలో పోలిటోడ్‌కు డ్రిజిల్, నైన్‌టేల్స్‌కు డ్రౌట్ లభించాయి. దీనితో అంతవరకు కొన్ని మహాబల పోకెమాన్లకే పరిమితమైన శాశ్వత వాన, ఎండ సాధారణ జట్లకూ అందుబాటులోకి వచ్చాయి. వాటి ప్రభావం ఎంతగా పెరిగినదంటే, ఔత్సాహికుల సమూహమైన స్మోగన్ 2011లో తమ ప్రధాన ఒంటరి పోరులో డ్రిజిల్, స్విఫ్ట్ స్విమ్ గుణాలు ఒకే జట్టులో ఉండరాదని నిషేధించింది. 2013లో వచ్చిన ఎక్స్, వై గేములు ఈ సమస్యను మూలంలోనే సరిచేశాయి. అప్పటి నుండి గుణం వలన వచ్చే వాతావరణానికి కూడా అయిదు వంతుల గడువు ఏర్పడింది. తెచ్చే పోకెమాన్ చేత తగిన రాయిని పట్టిస్తే అది ఎనిమిది వంతులు ఉంటుంది. 2022 నాటి స్కార్లెట్, వయొలెట్ గేములలో వడగండ్ల స్థానంలో మంచు వచ్చింది.

నాలుగు వాతావరణాలు

* వాన: నీటి ఎత్తుల బలం ఒకటిన్నర రెట్లు అవుతుంది, నిప్పు ఎత్తుల బలం సగమవుతుంది. థండర్, హరికేన్ అనే ఎత్తులు గురి తప్పవు. స్విఫ్ట్ స్విమ్ గుణం కలవాటి వేగం రెట్టింపవుతుంది. పోలిటోడ్, పెలిపర్ వానను తెస్తాయి. లుడికోలో, కింగ్‌డ్రా దానిని వాడుకొంటాయి.
* ఎండ: నిప్పు ఎత్తుల బలం ఒకటిన్నర రెట్లు అవుతుంది, నీటి ఎత్తుల బలం సగమవుతుంది. సోలార్ బీమ్ ఎత్తుకు ఒక వంతు ఆగవలసిన అవసరం ఉండదు. క్లోరోఫిల్ గుణం వేగాన్ని రెట్టింపు చేస్తుంది. టోర్కోల్ తెచ్చే ఎండను వీనసార్ వాడుకోవడం ప్రసిద్ధమైన జోడీ.
* ఇసుక తుఫాను: రాతి, నేల, ఉక్కు రకాలు కాని వాటికి ప్రతి వంతు చివర ప్రాణశక్తిలో 16వ వంతు నష్టం కలుగుతుంది. 2006 నాటి డైమండ్, పెర్ల్ గేముల నుండి రాతి రకానికి ప్రత్యేక రక్షణ ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. శాండ్ రష్ గుణం కల ఎక్స్‌కాడ్రిల్ టిరానిటార్‌కు తోడుగా దిగుతుంది.
* మంచు: మంచు రకానికి భౌతిక రక్షణ ఒకటిన్నర రెట్లు అవుతుంది. బ్లిజర్డ్ ఎత్తు గురి తప్పదు. మంచు ఉన్నప్పుడే వేయగల అరోరా వీల్ అనే తెర జట్టుపై పడే దెబ్బలను తగ్గిస్తుంది. పూర్వపు వడగండ్ల వలె ఇది ఎవరినీ గాయపరచదు.

జట్టు కూర్పు

మొదట తెచ్చేదానిని, వాడుకొనేదానిని ఎన్నుకొంటారు. వేగం రెట్టింపు కావడం ఎంత పెద్ద లాభమో ఒక లెక్క ద్వారా గ్రహించవచ్చు. వేగంలో గరిష్ఠ శిక్షణ పొందిన లుడికోలో 50వ స్థాయిలో, స్వభావపు అదనం లేకుండా, 122 వేగం కలిగి ఉంటుంది. వానలో అది 244 అవుతుంది. ఎంతో చురుకైనదిగా పేరున్న ఎలక్ట్రోడ్ సైతం స్వభావపు అదనంతో కలిపి 222 దాటదు. అంటే మధ్యరకం వేగం కల పోకెమాన్ వానలో దాదాపు అందరికంటే ముందు కదులుతుంది.

దెబ్బ విషయం కూడా ఇటువంటిదే. నీటి రకపు పోకెమాన్ నీటి ఎత్తు వేసినపుడు స్వజాతి లాభంగా 1.5 రెట్లు, వాన వలన మరొక 1.5 రెట్లు, మొత్తం 2.25 రెట్లు బలం వస్తుంది. ఆ ఎత్తు ఇద్దరికీ తగిలేదైతే 75 శాతానికి తగ్గినా సుమారు 1.69 రెట్లు మిగులుతుంది.

పిదప తెచ్చేదాని బలహీనతను కప్పే తోడును వెతకాలి. నీరు, గాలి రకాలు రెండూ కల పెలిపర్‌కు విద్యుత్ ఎత్తులు నాలుగు రెట్లు తగులుతాయి. అది ఒక్క దెబ్బకు పడిపోతే, వెనుక నుండి మళ్ళీ వచ్చి వానను తిరిగి తెచ్చే అవకాశం పోతుంది. అందువలన విద్యుత్ దెబ్బలను తనవైపు లాక్కొనే లైట్నింగ్ రాడ్ గుణం కల పోకెమాన్‌ను తోడుగా ఉంచవచ్చు.

చివరగా, ఆరింటినీ వాతావరణంపై ఆధారపడేవిగా ఎన్నుకోరాదు. బరిలోకి వచ్చేవి నాలుగే కనుక రెండు లేక మూడు వాతావరణం కొరకు, మిగిలినవి ఏ వాతావరణంలోనైనా ఆడగలవిగా ఉండడం మేలు. 2023 డిసెంబరులో వచ్చిన అదనపు భాగంలోని ఆర్కాలుడాన్ ఇందుకు మంచి ఉదాహరణ. వానలో అది ఎలక్ట్రో షాట్ అనే ఎత్తును ఆగకుండా వేయగలదు. వాన లేకున్నా ఉక్కు, డ్రాగన్ రకాల వలన గట్టిగా నిలబడగలదు.

వాతావరణాల మధ్య పోరు

ఇరుపక్షాలూ వేర్వేరు వాతావరణాలు తెచ్చినపుడు చివరగా వచ్చినదే నిలుస్తుంది. పోరు ఆరంభంలో ఇద్దరూ ఒకేసారి దిగితే వేగం ఎక్కువ ఉన్నదాని గుణం ముందుగా, తక్కువ ఉన్నది తరువాత పని చేస్తాయి. కాబట్టి ఇక్కడ నిదానమే గెలుస్తుంది. టోర్కోల్ మూల వేగం 20, పెలిపర్ మూల వేగం 65. రెండూ ఎదురుపడితే మామూలుగా మొదటి వంతులో ఎండే మిగులుతుంది. వాన జట్టు ఆటగాడు ఇది తెలిసి పెలిపర్‌ను మొదట దించక వెనుక ఉంచుతాడు. టోర్కోల్ దిగిన తరువాత పెలిపర్‌ను పిలిస్తే వాన నిలుస్తుంది.

అయిదు వంతుల లెక్క

తెచ్చే పోకెమాన్ ఆరంభంలోనే దిగితే ఆ వంతుతో కలిపి అయిదు వంతుల వాన లభిస్తుంది. పోరు మధ్యలో ఒకదానిని వెనుకకు పంపి దించితే ఆ వంతు కూడా లెక్కలోకి వస్తుంది. అంటే దాని తరువాత నాలుగు పూర్తి వంతులే మిగులుతాయి. ప్రత్యర్థి ప్రొటెక్ట్ అనే ఎత్తుతో ఒక వంతు, పోకెమాన్లను మార్చి మరొక వంతు గడిపివేస్తే దెబ్బ తీయడానికి రెండే ఉంటాయి. క్రొత్త ఆటగాళ్ళు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. అనుభవజ్ఞులు వాతావరణం ముగిసే వంతును ముందే లెక్కించి, తెచ్చేదానిని వెనుకకు పంపి, అవసరమైనపుడు మళ్ళీ దించుతారు.

వాతావరణం ఉమ్మడిది కావడం మరొక చిక్కు. వాన జట్టుకు వాన జట్టే ఎదురైతే ఆ లాభం ప్రత్యర్థికీ దక్కుతుంది. ఇసుక తుఫాను స్వపక్షంలోని తోడును కూడా గాయపరుస్తుంది.

ఒక ఉదాహరణ

2016లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రపంచ పోటీలలో అమెరికాకు చెందిన వుల్ఫ్ గ్లిక్ విజేత అయ్యాడు. అతని జట్టులో కయోగర్, రేక్వేజా, గెంగార్, బ్రాంజాంగ్, హిట్‌మన్‌టాప్, రైచు ఉన్నాయి. ఆ ఏటి పోటీలలో కయోగర్ తన ఆదిమ రూపంలో కుండపోత వానను తెచ్చేది. అందులో నిప్పు ఎత్తులు అసలు పని చేయవు, మామూలు వాతావరణాలు దానిని తొలగించలేవు. అయినా జట్టంతా నీటి పోకెమాన్లతో నిండలేదు. రైచు తన లైట్నింగ్ రాడ్ గుణంతో కయోగర్‌ను విద్యుత్ దెబ్బల నుండి కాపాడగలదు. రేక్వేజా బరిలోని వాతావరణ ప్రభావాలను అణచివేయగలదు. వానను తేవడం, కాపాడుకోవడం, అది ప్రత్యర్థికి లాభమైనపుడు ఆపడం, ఈ మూడూ ఒకే జట్టులో కుదిరాయి.

తెలుగు పాఠకులకు

తెలుగువారిలో చాలామందికి పోకెమాన్ పరిచయమైనది టెలివిజన్ కార్టూన్ల ద్వారా, 2016 డిసెంబరులో భారతదేశంలో విడుదలైన పోకెమాన్ గో ద్వారా. పోకెమాన్ గోలో 2017 నుండి వాతావరణ ప్రభావం ఉన్నది. అయితే అది ఆటగాడు ఉన్న ఊరి నిజమైన వాతావరణాన్ని అనుసరిస్తుంది. జంట పోరులో మాత్రం వాతావరణాన్ని ఆటగాడే తెస్తాడు, దాని గడువును కూడా అతడే లెక్కించుకోవాలి. గేమ్ యంత్రం లేనివారు 2011లో మొదలైన పోకెమాన్ షోడౌన్ అనే ఉచిత సాధన వేదికపై కంప్యూటరులోనే జట్టును కూర్చి పరీక్షించుకోవచ్చు. కూర్చిన జట్టుతో కొన్ని పోరులను వాతావరణం తేకుండానే ఆడి చూస్తే, అది వాన వెలిసిన తరువాత ఎంతవరకు నిలబడగలదో తెలుస్తుంది.