తెర అంచున ఉండే పట్టీ ఏం చెబుతుంది?

చెరియాల పటం గురించి విన్నారా? సిద్దిపేట జిల్లాలోని చెరియాలలో నకాశీ చిత్రకారులు వేసే బొమ్మల పటం అది. పాతకాలపు పటాల వెడల్పు సుమారు 3 అడుగులు. పొడవు మాత్రం కథను బట్టి 40 అడుగులు కూడా దాటేది. అంత పటాన్ని ఒకేసారి పరిచి చూపడం ఎలా? కథ చెప్పేవాళ్ళు దాన్ని చుట్టగా చుట్టి, బొమ్మ తరువాత బొమ్మ కనిపించేటట్టు విప్పుతూ కథ నడిపేవారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించండి. ఇంకా విప్పని చుట్ట లావుగా ఉంటే కథ చాలా మిగిలి ఉందన్నమాట. సన్నబడితే ముగింపు దగ్గరికి వచ్చిందన్నమాట. ఎవరినీ అడగనక్కరలేదు. చుట్టే చెబుతుంది!

కంప్యూటరు తెరకూ, సెల్‌ఫోను తెరకూ ఇదే చిక్కు. చూపవలసింది బారెడు, చూపే చోటు జానెడు. కాని తెర మీద చుట్ట ఉండదు గదా! మరి మిగిలింది ఎంతో మనకు తెలిసేదెలా? అందుకే తెర అంచున సన్నని పట్టీ ఒకటి పెట్టి, అందులో పైకీ కిందికీ జరిగే ముక్కను అమర్చారు. దీన్నే స్క్రోల్ బార్ అంటారు. జరిగే ముక్కను మనం 'పిడి' అందాం. అది జరిగే పట్టీని 'దారి' అందాం.

ఈ పట్టీ మనకు మూడు సంగతులు చెప్పాలి. కనబడుతున్నది కాక ఇంకేమైనా ఉందా? మొత్తంలో ఎంత భాగం మన కళ్ళముందుంది? మనం ఇప్పుడు ఏ చోట ఉన్నాం? ఈ మూడింటినీ ఒక్క మాటైనా రాయకుండా పిడి తన పొడవుతోనూ, తానున్న చోటుతోనూ చెప్పేస్తుంది.

రైలు ఆటలో స్టేషన్ల పట్టిక

ఇప్పుడు కంప్యూటరు ఆటల సంగతికి వద్దాం. ఆట తయారు చేసేవాళ్ళు ప్రతిదాన్నీ మొదటినుంచీ రాసుకోరు. బొమ్మలు గీయడం, చప్పుళ్ళు వినిపించడం, మీటలు నొక్కితే కదలడం వంటి పనులన్నీ సిద్ధంగా ఉన్న ఒక సాధనం తీసుకుంటారు. దాన్ని గేమ్ ఇంజన్ అంటారు. అర్జెంటీనాలో పుట్టిన గోడో అటువంటిదే. 2014లో దాని ప్రోగ్రామునంతా అందరికీ ఉచితంగా విడుదల చేశారు.

లాలాపేట్‌లో ఒక బడి పిల్లలు గోడోతో రైలు ఆట తయారు చేస్తున్నారనుకుందాం. ఆటగాడు దిగవలసిన స్టేషన్‌ను ఒక పట్టికలోంచి ఎంచుకోవాలి. హైదరాబాదులో 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్ల మార్గాల్లో ఒకటి ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనుంచే పోతుంది. దాని మీది స్టేషన్లు ఇవి: సికింద్రాబాదు, సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజ్, జామియా ఉస్మానియా, విద్యానగర్, కాచిగూడ, మలక్‌పేట, దబీర్‌పుర, యాకుత్‌పుర, ఉప్పుగూడ, ఫలక్‌నుమా. మొత్తం 11 పేర్లు.

తెర మీద కొలతలకు పిక్సెల్ అనే చుక్క ప్రమాణం. ఒక్కొక్క పేరుకు 54 పిక్సెళ్ల ఎత్తు ఇచ్చామనుకోండి. వరుసల మధ్య ఖాళీ లేదనుకుందాం. అప్పుడు పట్టిక ఎత్తు 11 × 54 = 594 పిక్సెళ్లు. కాని ఆటలో పట్టికకు కేటాయించిన కిటికీ ఎత్తు 198 పిక్సెళ్లే. అంటే మొత్తంలో మూడోవంతు మాత్రమే ఒకసారి కనబడుతుంది.

గోడోలో దీనికి 'స్క్రోల్ కంటైనర్' అనే పెట్టె ఉంది. దానిలో పేర్లను ఒకదాని కింద ఒకటి నిలబెట్టే మరో పెట్టెను ఉంచి, పేర్లు చేర్చాలి. లోపలి పట్టిక కిటికీ కంటే పొడవైతే చాలు, స్క్రోల్ బార్ దానంతట అదే వస్తుంది.

అంతా త్రైరాశికమే

పిడి ఎంత పొడవుండాలి? ఇదేదో పెద్ద మాయ అనుకోకండి. మీరు తరగతిలో నేర్చుకున్న త్రైరాశికమే. 594లో 198 కనబడుతున్నది. దారి పొడవు 198 అయితే పిడి ఎంత? 198 × 198 ÷ 594 = 66 పిక్సెళ్లు. పట్టికలో మూడోవంతు కనబడుతున్నది కనుక పిడి కూడా దారిలో మూడోవంతే!

ఇక జరగడం. పిడి జరగడానికి మిగిలిన దారి 198 − 66 = 132. కనబడకుండా దాగి ఉన్న పట్టిక 594 − 198 = 396. అంటే పిడి ఒక పిక్సెల్ కిందికి జరిగితే పట్టిక 3 పిక్సెళ్లు పైకి జరగాలి. పిడి సగం దారిలో ఉంటే పట్టిక 198 పిక్సెళ్లు పైకి పోయి ఉంటుంది. కొత్తవాళ్ళు ఇక్కడ ఒక సందేహంలో పడతారు. పట్టిక 594 అయినప్పుడు స్క్రోల్ బార్ విలువ 396 దగ్గరే ఎందుకు ఆగిపోతుందని. చివరి 198 పిక్సెళ్లు అప్పటికే కిటికీలో కనబడుతున్నాయి కదా! ఇంకా జరిపితే ఖాళీయే కనబడుతుంది.

పిడి చేతికి చిక్కాలి

ఆటకు తగినట్టు పట్టీని మార్చుకోవచ్చు. దారికి ఒక రంగు, పిడికి ఒక రంగు, పిడి మీదికి బాణం గుర్తు వచ్చినప్పుడు ఒకటి, నొక్కి పట్టినప్పుడు మరొకటి ఇవ్వవచ్చు. పిడిని రైలుపెట్టె బొమ్మగానూ చేయవచ్చు. కాని అందం కోసం పని చెడగొట్టకూడదు.

పట్టిక కిటికీకి 100 రెట్లు ఉందనుకోండి. త్రైరాశికం ప్రకారం పిడి 2 పిక్సెళ్లకు లోపే. దాన్ని పట్టుకోవడం ఎవరి తరం? అందుకని పిడికి ఒక కనీస పొడవు నిర్ణయిస్తారు. అది 24 పిక్సెళ్లనుకుందాం. అప్పుడు మిగిలిన దారి 174. దాగి ఉన్న పట్టిక 19,602. పిడి ఒక్క పిక్సెల్ జరిగితే పట్టిక 112 పిక్సెళ్లకు పైగా, అంటే రెండు వరుసలు దాటి గెంతుతుంది! కనుక మరీ పొడవైన పట్టికకు పిడి ఒక్కటే చాలదు. వేలితో జరిపే వీలు, పేరు వెతికే వీలు కూడా ఉండాలి. ఈ లెక్కలో ఇంజన్‌కూ ఇంజన్‌కూ చిన్న తేడాలుంటాయి. మూలసూత్రం మాత్రం ఇదే.

వెడల్పు సంగతీ మరువకూడదు. వేలితో తాకవలసిన వాటికి సుమారు 9 మిల్లీమీటర్ల చోటు ఉండాలని ఆండ్రాయిడ్ ఫోన్ల నిర్మాణ సూచనలు చెబుతాయి. వణికే వేళ్ళున్న తాతగారు కూడా మీ ఆట ఆడవచ్చు కదా!

తెలుగులో మరో జాగ్రత్త కావాలి. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపెట్టిన వరుసలో 'విద్యానగర్' రాస్తే కింది వత్తు తెగిపోవచ్చు. వరుస ఎత్తు పెంచితే పట్టిక మొత్తం ఎత్తూ మారుతుంది. కనుక 594 అని చేత్తో రాసి వదిలేయకుండా, కొలిచే పనిని ఇంజన్‌కే అప్పగించాలి.

దాచిన పట్టీ

1984లో వచ్చిన మాకింటాష్ కంప్యూటరులో పిడి పొడవు ఎప్పుడూ ఒక్కటే. మనం ఎక్కడున్నామో చెప్పేది గాని, మొత్తం ఎంతో చెప్పేది కాదు. 2011లో అదే ఆపిల్ సంస్థ, టచ్‌పాడ్ వాడేవారికి జరిపేటప్పుడు తప్ప పట్టీ కనబడకుండా చేసింది. తెర శుభ్రంగా కనబడిన మాట నిజమే. కాని మన రైలు ఆటలో పట్టీని దాచేస్తే ఏమవుతుంది? కిటికీ సరిగ్గా మూడు వరుసలదైతే, ఆర్ట్స్ కాలేజ్ దగ్గరే పట్టిక అయిపోయిందనుకొని ఫలక్‌నుమా పోవలసినవాడు వెనక్కి తిరుగుతాడు! మన 198 పిక్సెళ్ల కిటికీలో నాలుగో పేరు పూర్తిగా పట్టక, కొంత తెగి కనబడుతుంది. ఆ తెగడం లోపం కాదు. 'కింద ఇంకా ఉంది' అని చెప్పే సైగ అది.

మీరూ చేసి చూడండి

36 సెంటీమీటర్ల పొడవైన కాగితం మీద పేర్లు రాయండి. అట్టలో 12 సెంటీమీటర్ల కిటికీ కోసి, దాని వెనుక కాగితం జరిగేటట్టు అమర్చండి. కిటికీ పక్కన అంతే పొడవైన గీత గీసి, 4 సెంటీమీటర్ల అట్టముక్కను పిడిగా ఉంచండి. పిడిని 1 సెంటీమీటరు కిందికి జరిపినప్పుడల్లా కాగితాన్ని 3 సెంటీమీటర్లు పైకి లాగండి. పిడి చివరికి చేరేసరికి ఆఖరి పేరు కిటికీ అడుగున కనిపించాలి.

ఇప్పుడు కాగితం పొడవు 72 సెంటీమీటర్లకు పెంచితే పిడి ఎంత ఉండాలి? అది 1 సెంటీమీటరు జరిగితే కాగితం ఎంత జరగాలి? లెక్క కట్టి, అట్ట కత్తిరించి సరిచూసుకోండి.