అద్దెకిచ్చుటకు ఇల్లు: అప్పు ఎంతవరకు?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ సామెత పుట్టిననాడు మనిషి ఇల్లు కట్టుకొన్నది తాను కాపురముండుటకే. ఇప్పుడు మరియొక విధమైన ఇల్లు మన కుటుంబముల ఆలోచనలలోనికి వచ్చినది. అది ఇతరులకు అద్దెకిచ్చి ఆదాయము పొందుటకై కొనెడి ఇల్లు. 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల జిల్లా కేంద్రమైనది. అప్పటినుండి పాములపాడు వంటి చోట్ల నాలుగు డబ్బులు వెనుకవేసికొన్న రైతునకు గాని, ఉపాధ్యాయునకు గాని పట్టణములో ఒక ఇల్లు కొని ఉంచుదమను కోరిక కలుగుట సహజము. కోరిక తప్పు కాదు. దానికి అప్పు ఎంత చేయవలెను, ఎవరివద్ద చేయవలెను అను రెండు ప్రశ్నలకు ముందుగా సమాధానము చెప్పుకొనవలెను.

బ్యాంకు ఎంత ఇచ్చునో మొదట చూతము. రిజర్వు బ్యాంకు నియమముల ప్రకారము గృహ ఋణము 30 లక్షల వరకైనచో ఇంటి విలువలో నూటికి 90 వంతులు, 30 నుండి 75 లక్షల వరకు 80 వంతులు, ఆపైన 75 వంతులు మించరాదు. స్టాంపు సుంకము, రిజిస్ట్రేషను రుసుము సాధారణముగా ఈ విలువలో చేరవు. వాటిని సొంత సొమ్ముతో భరింపవలసినదే.

ఒక ఉదాహరణ తీసికొందము. ఇంటి ధర 40 లక్షలు. బ్యాంకు 32 లక్షలు ఇచ్చినది. మిగిలిన 8 లక్షలు, రిజిస్ట్రేషను ఖర్చులు సుమారు 3 లక్షలు, వెరసి 11 లక్షలు కొనువాడు తేవలెను. వడ్డీ సాలుకు నూటికి 8.5, గడువు 20 ఏండ్లు అనుకొన్నచో నెలసరి కంతు 27,770 రూపాయలగును. మొదటి నెల కంతులో 22,667 రూపాయలు వడ్డీకే పోవును; అసలులో తగ్గునది అయిదువేల పైచిలుకు మాత్రమే. ఇరువది ఏండ్లలో కట్టు మొత్తము 66 లక్షలు దాటును. ఇంటికి నెలకు 10 వేలు అద్దె వచ్చుననుకొందము. ఏడాదిలో రెండు నెలలు ఇల్లు ఖాళీగా ఉన్నను, మరమ్మతులకు పోయినను, చేతికి వచ్చునది లక్ష రూపాయలు. కంతులకు కావలసినది 3,33,240 రూపాయలు. ఏటా 2,33,240 రూపాయల లోటును ఏ రాబడి పూడ్చును? కొనుటకు ముందు ఆలోచింపవలసిన విషయము ఇదియే.

నెలజీతము గలవాడు జీతములోనుండి పూడ్చును. రైతు దేనితో పూడ్చును? శ్రీశైలము నీరు పోతిరెడ్డిపాడు దాటి పాములపాడు మండలములోని బానకచర్లకు వచ్చిన ఏడు ఒక తీరు, రాని ఏడు మరొక తీరు. కాలువకు నీరు వచ్చినను రాకున్నను కంతు మాత్రము ప్రతినెల వచ్చును.

ఇంతకన్న పెద్ద ప్రమాదము, ఆ 11 లక్షలలో తక్కువపడిన సొమ్మును ఊరిలో వడ్డీకి తెచ్చుట. రెండు రూపాయల వడ్డీ అనిన చిన్నమాటగా వినబడును. అది నెలకు నూటికి రెండు, సాలుకు 24. అయిదు లక్షలు అట్లు తెచ్చినచో నెలకు 10 వేలు వడ్డీ. ఇంటి అద్దె యంతయు దానికే సరిపోవును. బ్యాంకు కంతు యావత్తు చేతినుండి కట్టవలసివచ్చును. ఆ అప్పునకు పొలము కాగితములు కుదువబెట్టినచో, తాతలనాటి పొలమును పట్టణపు ఇంటికి పణముగా ఒడ్డినట్లే.

రాబడిని అధికముగా ఊహించి పెట్టుబడి పెట్టినచో ఏమగునో ఈ ప్రాంతపు కర్నూలు–కడప కాలువ చరిత్రయే చెప్పుచున్నది. 1860 దశకములో దానిని త్రవ్వించినది ప్రభుత్వము కాదు, మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. పెట్టుబడిదారులకు నూటికి 5 వంతుల వడ్డీకి ప్రభుత్వము హామీ ఉండెను. నిర్మాణ వ్యయము అంచనాలను మించినది. నల్లరేగడిలో మెట్టపైరులకు అలవాటుపడిన రైతులు కంపెనీ తలచినంతగా నీరు తీసికొనలేదు. తుదకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసివచ్చినది. అది మంచి కాలువయే. నేటికిని పొలములు తడుపుచున్నది. చెడినది లెక్క.

అద్దె విషయమున కర్నూలు అనుభవము మరియొకటి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమునకు అది రాజధాని అయినప్పుడు ఉద్యోగులకు ఇండ్లు దొరకక గుడారములు వేయవలసివచ్చినది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదునకు పోయినది. కార్యాలయములతో పాటు అద్దెకుండువారును తరలిపోయిరి. కావున ఇల్లు కొనుటకు ముందు ఆ వీధిలో ఎవరు అద్దెకుందురు, ఎందుకుందురు, ఎన్ని ఇండ్లు ఖాళీగా ఉన్నవి అని స్వయముగా తిరిగి విచారింపవలెను.

వడ్డీరేటు మారుననియు మరువరాదు. పై ఋణమునకు ఆదిలోనే 8.5 కాస్త 9.5 అయి, కంతు పెంచక గడువు పెంచినచో, 20 ఏండ్ల అప్పు సుమారు 25 ఏండ్ల 9 నెలలకు సాగును. ఇట్టి సందర్భమున కంతు పెంచుకొనుటయో గడువు పెంచుకొనుటయో ఎన్నుకొను అవకాశమును ఋణగ్రహీతకు ఈయవలెనని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించినది. మారు వడ్డీ గల గృహ ఋణమును వ్యక్తులు ముందుగా తీర్చినచో బ్యాంకులు జరిమానా వేయరాదని 2012 నుండి నియమమున్నది. పంట కలిసివచ్చిన ఏట అసలులో కొంత కట్టివేయుట రైతునకు మేలు.

హక్కుల విచారణ అప్పునకు ముందే జరుగవలెను. అందరు ఈసీ అని పిలుచు పత్రము తీసి పాత తాకట్టులు చూడవలెను. స్థలము 22-ఏ నిషేధిత జాబితాలో ఉన్నదేమో, లేఅవుటునకు ఆమోదము కలదో లేదో చూడవలెను. నిర్మాణములో ఉన్న ఇల్లయినచో రెరా నమోదు చూడవలెను. 2016 నాటి ఆ చట్టము ప్రకారము విక్రయ ఒప్పందము రిజిస్టరు చేయక ధరలో పదవవంతునకు మించి బయానా తీసికొనరాదు.

ఇక నిర్ణయము. అదే ఇంటికి 16 లక్షలే అప్పు చేసినచో కంతు 13,885 రూపాయలు, లోటు మోయదగినది. అంత సొంత సొమ్ము లేనివాడు చిన్న ఇల్లు చూచుకొనవచ్చును, లేదా మరి రెండేండ్లు ఆగవచ్చును. పది నెలల అద్దెను పన్నెండు నెలల కంతులతో పోల్చి, ఆ లోటు స్థిరమైన ఆదాయమునుండి తీరునని తేలినప్పుడే సంతకము చేయవలెను. ఆరు నెలల కంతులకు సరిపడు సొమ్మును వేరుగా ఉంచవలెను. ధర పెరుగుట జరిగిన లాభమే. కాని పెరుగునను నమ్మకము ఏ నెల కంతును కట్టజాలదు.