తిరుపతి చేరదామా, చిత్తూరు చేరదామా?

పల్లె విడిచి పట్నం పోవాలనుకునే కుటుంబం ముందుగా ఆదికాండము పదమూడవ అధ్యాయం చదువుకోవాలని మా అయ్యగారు అంటుంటారు. ఏ పక్క కావాలో నీవే కోరుకొమ్మని అబ్రాము విడిచిపెడితే, లోతు కన్నులెత్తి చూచి, నీళ్లు పారే యొర్దాను మైదానాన్ని కోరుకున్నాడు. ఆ అధ్యాయం మీద మేము ప్రసంగాలు చాలా విన్నాము. సండే స్కూలులో పిల్లలకు చెప్పాము కూడా. తీరా ఆ ప్రశ్న మా ఇంటికే వచ్చినప్పుడు మేమూ లోతు లాగే కన్నులెత్తి చూశామని ఒప్పుకోవాలి.

మా ఊరు పాకాల మండలంలో ఉంది. పాకాల చిన్న ఊరే గాని రైళ్లకు మూడు దారుల కూడలి. ఒక దారి తిరుపతికి, ఒకటి చిత్తూరు మీదుగా కాట్పాడికి, ఇంకొకటి పీలేరు, కదిరి మీదుగా ధర్మవరానికి. పాకాల నుండి తిరుపతి సుమారు నలభై కిలోమీటర్లు, చిత్తూరు సుమారు ముప్పై. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడిన నాటి నుండి మా వాళ్లకు కలెక్టరాఫీసన్నా కోర్టన్నా చిత్తూరే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మా మండలం తిరుపతి జిల్లాలో చేరింది. దగ్గరి పట్నం ఒక జిల్లా, మా కాగితాల మీద రాసేది ఇంకో జిల్లా! కాబట్టి ఏ పట్నం మాది అని అడిగితే మాకే సరిగా చెప్పడం రాదు.

కదలవలసిన అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. మాకున్నది మూడెకరాల మామిడి తోట, అంతా తోతాపురి. పాత బోరు ఎండిపోతే అప్పు చేసి కొత్తది వేయించాము. అదీ రెండేళ్లకు మించి నీళ్లివ్వలేదు. 2025 వేసవిలో కాయ విరగ కాసింది. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 వచ్చేటట్టు ధర నిర్ణయించారు. అయినా కాయ ఎక్కువై, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి వరుసలో నిలిచాయి. మా ట్రాక్టరు మూడు రాత్రులు అట్లా నిలిచింది. అడుగు కాయ మెత్తబడి కారిపోయింది. దామలచెరువు మండీకి తిప్పుకొని పోతే కోత కూలి, బాడుగ పోను మాకు మిగిలింది ఇక్కడ రాయడానికి కూడా సిగ్గేస్తుంది. ఆ రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత, ఇక పట్నం చేరదామన్న మాట మొదటిసారి పైకి వచ్చింది.

ఇంట్లో మేము భార్యాభర్తలం, పక్షవాతం వచ్చి కుడి చెయ్యి సరిగా లేవని మా పెద్దాయన, నర్సు శిక్షణ ముగించిన అమ్మాయి, ఇంటర్ అయిన అబ్బాయి. అందరికీ అందరి అవసరాలూ ఉన్నాయి. అమ్మాయికి ఉద్యోగం కావాలి, అబ్బాయికి కాలేజీ కావాలి, పెద్దాయనకు ఆసుపత్రి కావాలి. మేమిద్దరం ఏ పనైనా చేస్తాము.

మొదట తిరుపతి పోయి రెండు రోజులు తిరిగాము. చూడగా కళ్లు చెదిరేటట్టే ఉంది. రోడ్ల మీదుగా కిలోమీటర్ల పొడవున శ్రీనివాస సేతు వంతెన, అది 2023లో పూర్తి అయింది. రేణిగుంట పక్క విమానాశ్రయం, ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు. చదువుకైతే చెప్పనే అక్కరలేదు. 1954లో వచ్చిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్. 2011 జనాభా లెక్కల్లోనే తిరుపతి నగరంలో రెండు లక్షల ఎనభై వేలకు పైగా ఉన్నారు, చిత్తూరులో లక్షన్నర. ఇప్పుడు ఆ తేడా ఇంకా పెరిగి ఉంటుందని కంటికే తెలుస్తుంది.

పని మాటకొస్తే, తిరుపతిలో యాత్రికుల రాకపోకలే పెద్ద ఆధారం. కొండకు రోజూ అరవై, డెబ్బై వేల మంది వస్తారు. వారికి అన్నం వండేవారు, బండి నడిపేవారు, గదులు తుడిచేవారు, పక్కబట్టలు ఉతికేవారు, ఇట్లా ఎందరికో బ్రతుకుతెరువు. అయితే మన కుటుంబాలు ఒక సంగతి ముందే తెలుసుకొని పోవాలి. దేవస్థానం ఉద్యోగాలు హిందువులకు మాత్రమే. అది ఆ సంస్థ నియమం. దేవాలయ సంస్థ తన నియమం తాను పెట్టుకుంది, దానికి మనం నొచ్చుకోవలసిన పని లేదు. కాని, తిరుపతిలో వేల ఉద్యోగాలున్నాయని లెక్క వేసుకొనేవారు వీటిని తీసివేసి లెక్క వేసుకోవాలి. మా అమ్మాయి అట్లాగే లెక్క వేసుకొని, ప్రైవేటు ఆసుపత్రుల జాబితా ఒకటి కాగితం మీద రాసుకొని వచ్చింది. నాలుగు చోట్ల అడిగింది. ఒక చోట వెంటనే చేరమన్నారు.

ఇల్లు దొరకడం మాత్రం కష్టమైంది. ఒక చోట అన్నీ కుదిరి, తాళం కూడా చేతికిచ్చిన తరువాత, మా పేర్లు విని ఇంటాయన మొగం మారింది. ఇంకెవరికో మాట ఇచ్చామన్నారు. మేము మారు మాట్లాడలేదు. ఎండలో అట్లా నిలబడి ఉండగా ఎదురింటి పెద్దమ్మ, నొసట పెద్ద బొట్టు, లోపలికి పిలిచి చెంబుతో మజ్జిగ ఇచ్చింది. "మా వెనక పోర్షను ఉండాది, చూసుకోండి. మీరు ఏ దేవుణ్ణి మొక్కితే నాకేం, నీళ్లు జాగ్రత్తగా వాడితే చాలు" అన్నది. రెండు గదులు, అద్దె తొమ్మిది వేలు. మా శక్తికి మించినది. ఆ మజ్జిగ రుచి మాత్రం మాకింకా గుర్తుంది.

మరుసటి వారం చిత్తూరు పోయాము. చిత్తూరు కొత్త ఊరు కాదు, తెలిసిన ఊరే. బెల్లం మండీలు, నీవా నది మీద వంతెన, సగం తెలుగు సగం తమిళం మాట్లాడే అంగళ్లు. ఒకప్పుడు ఈ పట్నానికి పేరు తెచ్చిన సహకార డెయిరీ 2002లో మూతబడింది. చక్కెర ఫ్యాక్టరీ కూడా నిలిచిపోయింది. 2022లో తిరుపతి, శ్రీకాళహస్తి వేరు జిల్లాకు పోయిన తరువాత ఊరు కొంచెం చిన్నబోయినట్టుగా అనిపిస్తుంది. 2012లో నగరపాలక సంస్థ అయినా రాత్రి తొమ్మిదికి బజారు సర్దుకుంటుంది. వేసవిలో నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని బిందెలు వరుసగా పెట్టుకోవడం చిత్తూరు వారికి అలవాటే. తిరుపతికి కళ్యాణి డ్యాము, తెలుగుగంగ ఉన్నాయి గనుక ఆ బాధ తక్కువ. అయితే 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు చెరువులైపోయిన సంగతీ మేము మరచిపోలేదు.

చిత్తూరులో రెండు గదుల ఇల్లు ఐదున్నర వేలకు దొరికింది. ఇంటివారు మన విశ్వాసులే, గోడ మీద వాక్యం పటం ఉంది. చాలా సంతోషపడ్డాము. కాఫీ ఇచ్చి, ప్రార్థన చేసి, ఆ తరువాత పది నెలల అడ్వాన్సు అడిగారు! మజ్జిగ ఇచ్చిన పెద్దమ్మ గుర్తుకు వచ్చింది. నాలుగు వీధులు తిరిగి ఐదు నెలల అడ్వాన్సుకు ఇంకో ఇల్లు చూసుకున్నాము. ఆ ఇంటివారు ముస్లిములు.

ఆసుపత్రి విషయంలో రెండు పట్నాలనూ తక్కువ చేయడానికి లేదు. తిరుపతిలో రుయా ఉంది, స్విమ్స్ ఉంది, 2022లో క్యాన్సరు ఆసుపత్రి కూడా వచ్చింది. అక్కడ రోగిని ఏ మతమని అడగరు. చిత్తూరుకైతే ముప్పై ఐదు కిలోమీటర్లలో వేలూరు. 1900లో ఐడా స్కడ్డర్ దొరసాని ఒక్క మంచంతో మొదలుపెట్టిన పని నేడు సీఎంసీగా ఎంత వృక్షమైందో ఈ పత్రిక చదివేవారికి తెలియనిది కాదు. చిత్తూరు దగ్గర కూడా వారికి ఒక ప్రాంగణం ఉంది. మా పెద్దాయనకు మొదటి నుండి వైద్యం వేలూరులోనే. ఆయన కాగితాలన్నీ అక్కడే ఉన్నాయి. డాక్టరు పేరు చెబితే ఆయన మొగం వెలుగుతుంది. ఆ వయసులో కొత్త డాక్టరుకు మొదటి నుండి చెప్పుకోవడం ఆయనకు ఇష్టం లేదు.

సంఘము సంగతి ఆలోచించకుండా ఎట్లా ఉండగలము? తిరుపతిలో దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి ప్రధాన కార్యాలయమే ఉంది. జర్మనీ నుండి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషనరీల ప్రయాస ఫలం అది. పుణ్యక్షేత్రంలో మన మందిరాలెక్కడ ఉంటాయని అనుకునే పల్లె విశ్వాసులు చాలామంది ఉన్నారు గనుక ఇది రాస్తున్నాము. చిత్తూరులో ఆర్కాటు మిషను వారి కాలం నుండి సంఘమున్నది. 1853లో స్కడ్డర్ సోదరులు మొదలుపెట్టిన మిషను అది. ఎక్కడికి పోయినా ఆదివారం కూర్చోవడానికి చోటుంది. మా చిక్కు అది కాదు.

మా చిక్కు మా ఊరి మందిరం. మా పెద్దాయన చిన్నతనంలో ఆదివారం చాపలు చాలేవి కావట. ఇప్పుడు మిగిలింది పన్నెండు ఇళ్లు. గంట కొనే శక్తి లేని రోజుల్లో ఎవరో తెచ్చిన రైలు పట్టా ముక్కను వేపచెట్టుకు కట్టారు. నేటికీ అదే గంట. ముప్పై ఏళ్లుగా దాన్ని కొట్టేది మా పెద్దాయనే. కుడి చెయ్యి పడిపోయిన తరువాత ఎడమ చేత్తో కొడుతున్నారు. తొమ్మిది దెబ్బలు, ఎప్పుడూ తొమ్మిదే.

మాలో ఒకరికి తిరుపతి, ఒకరికి చిత్తూరు. ఎవరికి ఏదో ఇక్కడ చెప్పము. ఆ పదిహేను రోజులు ఇంట్లో మాటలు తక్కువయ్యాయి. అబ్బాయి తిరుపతి అన్నాడు, అమ్మాయికి ఉద్యోగం అక్కడే కుదిరింది. నలుగురిలో ఇద్దరు ఒక పక్క పోతుంటే ఎవరు మాత్రం కాదంటారు? చివరకు మేమే పెద్దాయనను అడిగాము. ఆయన పట్నాల మాట ఎత్తనే లేదు.

"ఆదివారం పొద్దున ఏ ఊరి నుండి బస్సు తొందరగా వస్తుంది?" అన్నారు.

ఆ ప్రశ్న మేము వేసుకోనేలేదు. అద్దె రాసుకున్నాము, నీళ్లు రాసుకున్నాము, కాలేజీలు రాసుకున్నాము. తిరిగి వచ్చే బస్సు రాసుకోలేదు. ఎలీమెలెకు కరువుకు తాళలేక బేత్లెహేము విడిచి మోయాబు చేరినప్పుడు కొంతకాలమే అనుకొని పోయాడు. అతడు తిరిగి రాలేదు, వచ్చింది నయోమి ఒక్కతే. ఆ సంగతి ఆ రాత్రి మేమిద్దరం మాట్లాడుకున్నాము. మాట్లాడుకోవడం మొదలైంది, అదే మేలు.

చిత్తూరు నుండి మొదటి బస్సు ఎక్కితే ఆరాధనకు గంట ముందే ఊళ్లో దిగవచ్చు. తిరుపతి నుండి ఒక బస్సు మారాలి. పండుగ రోజుల్లో, బ్రహ్మోత్సవాల రోజుల్లో సీటు దొరకడమే గగనం. చిత్తూరే అనుకున్నాము. అమ్మాయి తిరుపతిలో ఆసుపత్రి వారి హాస్టలులో ఉంటున్నది. అబ్బాయి చిత్తూరులోనే డిగ్రీలో చేరాడు. చేరాడన్నమాటే గాని మనసు తిరుపతిలోనే ఉంది. యూనివర్సిటీలో పీజీ చేస్తానంటున్నాడు. చేయనివ్వండి. తిరుపతి–పాకాల–కాట్పాడి మార్గంలో 104 కిలోమీటర్ల రెండో లైనుకు కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో 1,332 కోట్లతో ఆమోదం ఇచ్చింది. అది పూర్తయితే రెండు పట్నాల మధ్య రైళ్లు ఇంకా పెరుగుతాయని ఆశ. మాలో ఒకరు చిత్తూరులో హోటలు వంటపని, ఒకరు కుట్టుపని చేస్తున్నాము. తోటను కౌలుకిచ్చాము, అమ్మలేదు. అప్పు ఇంకా ఉంది. చిత్తూరు తప్పా ఒప్పా అని ఎవరైనా అడిగితే, నెలాఖరున ఒక జవాబు, వేలూరు పోయి వచ్చిన రోజున ఇంకో జవాబు చెబుతాము.

వచ్చేటప్పుడు మందిరం తాళం పక్కింటి వారికి ఇచ్చి వచ్చాము. వారి పిల్లవాడు ఏడో తరగతి. పోయిన ఆదివారం బస్సు ఆలస్యమైంది. మేము మలుపు తిరిగేసరికి పట్టా మోగుతున్నది. పెద్దాయన దారిలోనే ఆగి వేళ్లు మడిచి లెక్కపెట్టారు.

"ఏడే కొట్టినాడు" అని గబగబ నడవడం మొదలుపెట్టారు.