బడిలో తప్పు, బడిలోనే దిద్దుబాటు: పునరుద్ధరణ న్యాయం

టొరంటో నగరపు పడమటి భాగమైన ఎటోబికో 1998 వరకు వేరే నగరం. దానికి సొంత విద్యామండలి ఉండేది. విలీనమైన రెండేళ్ళకు, 2000లో, అంటారియో ప్రభుత్వం సురక్షిత పాఠశాలల చట్టాన్ని తెచ్చింది. ఉపాధ్యాయుణ్ణి దుర్భాషలాడితే సస్పెన్షన్, బడికి తుపాకి తెస్తే బహిష్కరణ తప్పనిసరి అయ్యాయి. ఈ శిక్షల భారం నల్లజాతి విద్యార్థులమీద, వైకల్యం ఉన్న పిల్లలమీద ఎక్కువగా పడుతోందన్న ఫిర్యాదులు మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్ళాయి. 2008 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన సవరణ ఆ తప్పనిసరిని చాలావరకు తొలగించి, అంచెలవారీ క్రమశిక్షణకు చోటిచ్చింది. పునరుద్ధరణ న్యాయ పద్ధతులకు బడుల్లో దారి విశాలమయింది.

ఈ ఆలోచనకు అంటారియోలోనే ఒక పాత ఉదాహరణ ఉంది. ఎటోబికోకు పడమరగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని ఎల్మైరాలో 1974లో ఇద్దరు యువకులు తాగిన మత్తులో ఒకే రాత్రి 22 మంది ఆస్తులను ధ్వంసం చేశారు. ప్రొబేషన్ అధికారి మార్క్ యాంట్జీ సూచన మేరకు న్యాయమూర్తి వారిని బాధితుల ఇళ్ళకు పంపారు. వారు తలుపు తట్టి, తప్పు ఒప్పుకొని, నష్టపరిహారం చెల్లించారు.

బడిలో జరిగేదీ ఇటువంటిదే. నిర్వాహకుడు ముందుగా ఇరుపక్షాలతో విడివిడిగా మాట్లాడతాడు. ఇద్దరూ ఇష్టపడితేనే అందరినీ వలయాకారంలో కూర్చోబెడతాడు. ప్రశ్నలు మూడే: ఏం జరిగింది? ఎవరికి ఏ హాని కలిగింది? దాన్ని సరిదిద్దడానికి ఏం చేయాలి? తెలుగువారికి ఇది రచ్చబండను గుర్తుచేయవచ్చు. కాని రచ్చబండ దగ్గర తీర్పు పెద్దలది. ఇక్కడ పరిష్కారాన్ని వెదకవలసినవారు తప్పు చేసినవారూ, నొచ్చుకున్నవారూ.

కోదండం, గోడకుర్చీల కథలు విన్న తల్లిదండ్రులకు ఇది మెతకదనంగా తోచడం సహజం. నిజానికి సస్పెండయిన పిల్లవాడు ఇంట్లో కూర్చుని గడువు ముగియగానే తిరిగి వస్తాడు. తాను ఏడిపించిన పిల్ల ముఖంలోకి చూడవలసిన అవసరం అతనికి రాదు. వలయంలో ఆ అవసరం తప్పదు.

అయితే ఇది సర్వరోగనివారిణి కాదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 44 బడులను పరిశీలించి ర్యాండ్ సంస్థ 2018లో ప్రకటించిన అధ్యయనంలో సస్పెన్షన్లు తగ్గాయి, బడి వాతావరణం మెరుగుపడిందని ఉపాధ్యాయులు చెప్పారు. కాని 6 నుంచి 8 తరగతుల పిల్లల చదువు ఫలితాలు దిగజారాయి. ఉపాధ్యాయుడికి శిక్షణ, సమయం ఇవ్వకుండా వలయం వేస్తే అది మొక్కుబడి క్షమాపణగా మిగులుతుంది. బాధితురాలిని బలవంతంగా కూర్చోబెడితే రెండో గాయమవుతుంది.

కనుక బడినుంచి పిలుపు వచ్చినప్పుడు తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్నలు స్పష్టమే: నొచ్చుకున్న బిడ్డ ఇష్టాన్ని ముందుగా అడిగారా? ఒప్పందం అమలయిందో లేదో నెల తర్వాత ఎవరు చూస్తారు? వీటికి జవాబున్న చోటే పునరుద్ధరణ అన్న మాటకు అర్థం ఉంటుంది.